దత్తాంశ చిత్రణ

సేకరించిన సంఖ్యలను గీతలు, కమ్మీలు, వృత్తఖండాలు, చుక్కలు, రంగులు మొదలైన రూపాలలో చూపించడాన్ని దత్తాంశ చిత్రణ అంటారు. ఇది సాంఖ్యక శాస్త్రంలో ఒక ముఖ్యమైన విభాగం. వాడుకలో వీటిని గ్రాఫులు, చార్టులు అని పిలుస్తారు. పాఠ్యపుస్తకాలలో రేఖాచిత్రాలు అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. పట్టికలోని వందల సంఖ్యలను చదివి గ్రహించలేని విషయాన్ని ఒక మంచి చిత్రం క్షణంలో తెలుపగలదు. అలాగే, సరిగా గీయని చిత్రం నిజమైన సంఖ్యలతోనే అబద్ధం చెప్పగలదు. వరద హెచ్చరిక, పిల్లల ఎదుగుదల, జనాభా లెక్కలు వంటి విషయాలలో ఈ తేడా ప్రజల ప్రాణాలకు, ప్రభుత్వ నిర్ణయాలకు సంబంధించినది.

ఈ వ్యాసంలో సరైన చిత్రాన్ని ఎంచుకొనే విధానం, దానిని గీసే నియమాలు, సాధారణంగా దొర్లే దోషాలు వివరించబడ్డాయి. ఉదాహరణలు ఎక్కువగా పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన కీసర, నందిగామ, జగ్గయ్యపేట పరిసరాల నుండి, ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ జనాభా లెక్కల నుండి తీసుకొనబడ్డాయి.

పదజాలం

దత్తాంశం: పరిశీలన వలన గాని, లెక్కింపు వలన గాని లభించిన సంఖ్యల సముదాయం.
చలరాశి: మారుతూ ఉండే రాశి. ఉదాహరణకు నది నీటిమట్టం, వయస్సు, బరువు.
అక్షం: విలువలను కొలవడానికి గీసిన ఆధారరేఖ. అడ్డంగా ఉన్నది ఎక్స్-అక్షం, నిలువుగా ఉన్నది వై-అక్షం.
స్కేలు: చిత్రంలోని ఒక సెంటీమీటరు వాస్తవంలో ఎంత విలువకు సమానమో తెలిపే నిష్పత్తి.
పౌనఃపున్యం: ఒక విలువ గాని, ఒక తరగతి గాని దత్తాంశంలో ఎన్నిసార్లు వచ్చినదో తెలిపే సంఖ్య.

చరిత్ర

గణాంకాలను ఈనాటి రూపంలో చిత్రించిన తొలి వ్యక్తిగా స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్‌ను పేర్కొంటారు. 1786లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఇంగ్లండు ఎగుమతి, దిగుమతుల హెచ్చుతగ్గులను రేఖా గ్రాఫులుగా గీశాడు. స్కాట్లండు విషయంలో మాత్రం అనేక సంవత్సరాల లెక్కలు దొరకక, ఒకే సంవత్సరపు వ్యాపారాన్ని కమ్మీలతో చూపించాడు. అంటే కమ్మీ చిత్రం పుట్టడానికి కారణం దత్తాంశపు స్వభావమే. వృత్తాకార చిత్రాన్ని కూడా ఆయనే 1801లో ప్రవేశపెట్టాడు.

1854లో లండను నగరంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను వీధుల పటంపై గుర్తించి, అవి ఒక నీటి పంపు చుట్టూ గుమిగూడి ఉన్నట్లు చూపించాడు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే వ్యాధులవలననే ఎక్కువగా మరణించారని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో వృత్తఖండ చిత్రాల ద్వారా నిరూపించింది. ఈ రెండు సందర్భాలలోనూ చిత్రం అలంకారం కోసం గీసినది కాదు, ఒక నిర్ణయాన్ని కోరుతూ గీసినది.

భారతదేశంలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించాడు. అంతకు ముందే, 1926లో ఒరిస్సాలో వచ్చిన వరదల గురించి ఆయన దాదాపు 60 సంవత్సరాల వర్షపాత, నీటిమట్టాల లెక్కలను పరిశీలించాడు. నది అడుగుభాగం పైకి లేచినందువలన వరదలు వస్తున్నాయనీ, కనుక కరకట్టల ఎత్తు పెంచాలనీ ఇంజనీర్లు భావించగా, అడుగుభాగం లేవలేదనీ, ఎగువన కురిసిన అధిక వర్షాలే కారణమనీ ఆయన తేల్చాడు. ఆ సంస్థలోనే ఎదిగి ప్రపంచ ప్రసిద్ధుడైన తెలుగు శాస్త్రవేత్త సి.ఆర్.రావు (1920-2023) పాఠశాల విద్యాభ్యాసం గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో జరిగింది. ఆయనకు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి లభించింది.

చిత్రం ఎందుకు అవసరం

సగటు వంటి సారాంశ సంఖ్యలు కొన్నిసార్లు దత్తాంశపు స్వరూపాన్ని దాచివేస్తాయి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే సాంఖ్యక శాస్త్రజ్ఞుడు నాలుగు దత్తాంశాలను తయారుచేశాడు. ఒక్కొక్కదానిలో 11 బిందువులు ఉన్నాయి. నాలుగింటికీ అంకమధ్యమం, విస్తృతి, సహసంబంధ గుణకం దాదాపు సమానం. కాని గ్రాఫు గీస్తే ఒకటి సరళరేఖ చుట్టూ చెదిరిన చుక్కలుగా, మరొకటి వక్రరేఖగా కనిపిస్తాయి. మిగిలిన రెండింటిలో ఒక్క అసాధారణ బిందువే ఫలితాన్ని మార్చివేస్తుంది. అందువలన లెక్క కట్టడానికి ముందే గ్రాఫు గీసి చూడడం మంచిదని చెబుతారు.

మనిషి కన్ను అన్ని రూపాలనూ సమానమైన కచ్చితత్వంతో కొలవలేదు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ జరిపిన ప్రయోగాల ప్రకారం, ఒకే స్కేలుపై ఉన్న స్థానాలను పోల్చడంలో పొరపాట్లు తక్కువ. ఆ తరువాతి స్థానాలు వరుసగా పొడవు, కోణం, వైశాల్యం, రంగు గాఢత అని స్థూలంగా చెప్పవచ్చు. కమ్మీ చిత్రం, చుక్కల చిత్రం సులభంగా చదవగలగడానికీ, వృత్తచిత్రం కష్టం కావడానికీ ఇదే కారణం.

ఎంపిక విధానం

చిత్రాన్ని ఎంచుకొనేముందు "ఈ చిత్రం ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలి?" అని నిర్ణయించుకోవాలి. ప్రశ్ననుబట్టి చిత్రం మారుతుంది.

* ఏది ఎక్కువ, ఏది తక్కువ? - కమ్మీ చిత్రం
* కాలంతో పాటు ఎలా మారింది? - రేఖా గ్రాఫు
* మొత్తంలో ఎంత భాగం? - వృత్తచిత్రం, లేదా భాగాలుగా విభజించిన ఒకే కమ్మీ
* విలువలు ఎక్కడ గుమిగూడాయి, ఎంతవరకు వ్యాపించాయి? - సోపాన చిత్రం
* రెండు చలరాశుల మధ్య సంబంధం ఉన్నదా? - విక్షేపణ చిత్రం
* ఎక్కడ ఉన్నది? - భౌగోళిక పటం
* కచ్చితమైన విలువ ఎంత? - పట్టిక

చివరి అంశాన్ని చాలామంది మరచిపోతారు. రెండు మూడు సంఖ్యలే ఉంటే ఒక వాక్యం చాలు. ప్రతి విలువనూ పాఠకుడు విడిగా వెతుక్కోవలసి ఉంటే పట్టికను మించినది లేదు.

ముఖ్యమైన రకాలు

కమ్మీ చిత్రం

సమానమైన వెడల్పు గల కమ్మీల పొడవు ద్వారా విలువలను చూపుతారు. గ్రామాలు, పంటలు, తరగతులు వంటి విడివిడి అంశాలను పోల్చడానికి ఇది అనువైనది. కమ్మీల మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. పొడవే విలువ కనుక అక్షం తప్పనిసరిగా సున్న నుండి మొదలుకావాలి. అంశాలకు సహజమైన వరుస లేనప్పుడు పెద్ద విలువ నుండి చిన్న విలువకు అమర్చితే చదవడం సులభం.

రేఖా గ్రాఫు

కాలం అడ్డు అక్షంపైన, విలువ నిలువు అక్షంపైన ఉంటాయి. రెండు బిందువులను గీతతో కలిపితే వాటి మధ్య మార్పు క్రమంగా జరిగినదని అర్థం. కనుక ఐదు గ్రామాల జనాభాను చుక్కలుగా పెట్టి గీతతో కలపడం తప్పు. ఒక గ్రామానికీ మరొక గ్రామానికీ మధ్య విలువలేవీ ఉండవు. ఇక్కడ చదువరి చూసేది గీత వాలును కాబట్టి అక్షం సున్న నుండి మొదలుకాకపోయినా చెల్లుతుంది. నది నీటిమట్టాన్ని సముద్రమట్టం నుండి కొలుస్తారు కనుక సున్న నుండి గీస్తే మార్పు కనిపించకుండా పోతుంది. అయితే ఎక్కడ మొదలయినదో స్పష్టంగా వ్రాయాలి.

వృత్తచిత్రం

మొత్తాన్ని 360 డిగ్రీలుగా తీసుకొని భాగాలను కోణాలుగా మారుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కృష్ణా జిల్లాలో పట్టణ జనాభా 40.81 శాతం. దీని కోణం 0.4081 × 360, అనగా సుమారు 147 డిగ్రీలు. గ్రామీణ జనాభాకు మిగిలిన 213 డిగ్రీలు వస్తాయి. భాగాలు రెండు మూడు ఉన్నప్పుడు వృత్తచిత్రం బాగుంటుంది. భాగాలు ఆరేడు దాటితే, లేదా వాటి పరిమాణాలు దగ్గరదగ్గరగా ఉంటే కమ్మీ చిత్రమే మేలు. భాగాల మొత్తం 100 శాతం కాని దత్తాంశానికి వృత్తచిత్రం పనికిరాదు. ఉదాహరణకు పురుషుల అక్షరాస్యత, స్త్రీల అక్షరాస్యత ఒకే మొత్తంలో భాగాలు కావు.

సోపాన చిత్రం

కొలతలను తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతి పౌనఃపున్యాన్ని దీర్ఘచతురస్రంగా చూపుతారు. ఇది కమ్మీ చిత్రం వలె కనిపించినా వేరైనది. తరగతులు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి కనుక దీర్ఘచతురస్రాల మధ్య ఖాళీ ఉండదు. తరగతి అంతరాలు అసమానంగా ఉన్నప్పుడు ఎత్తు కాక వైశాల్యం పౌనఃపున్యానికి అనుపాతంలో ఉండాలి. తరగతి అంతరం మరీ పెద్దదైతే వివరాలు మరుగున పడతాయి, మరీ చిన్నదైతే చిత్రం రంపపు పళ్ళవలె మారుతుంది.

విక్షేపణ చిత్రం

ఒక్కొక్క పరిశీలనను ఒక చుక్కగా గుర్తిస్తారు. ఎగువన కురిసిన వర్షం, దిగువన నది ప్రవాహం వంటి జంట కొలతలకు ఇది తగినది. చుక్కలు ఒక వరుసలో ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని నిర్ధారించరాదు.

పటచిత్రం

మనిషి, బస్తా, చెట్టు వంటి బొమ్మలతో సంఖ్యను తెలుపుతారు. విలువ రెట్టింపయినప్పుడు బొమ్మల సంఖ్యను రెట్టింపు చేయాలి, బొమ్మ పరిమాణాన్ని కాదు. బస్తా బొమ్మను రెండింతల ఎత్తుకు పెంచితే వెడల్పు కూడా పెరిగి, వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది.

ఉదాహరణ 1: ఒకే లెక్క, రెండు చిత్రాలు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రాంతపు జనాభా, దశాబ్ది పెరుగుదల ఈ విధంగా ఉన్నాయి:

* 1951: 3.11 కోట్లు
* 1961: 3.60 కోట్లు (15.65 శాతం)
* 1971: 4.35 కోట్లు (20.90 శాతం)
* 1981: 5.35 కోట్లు (23.10 శాతం)
* 1991: 6.65 కోట్లు (24.20 శాతం)
* 2001: 7.62 కోట్లు (14.59 శాతం)
* 2011: 8.46 కోట్లు (10.98 శాతం)

జనాభాను రేఖా గ్రాఫుగా గీస్తే గీత 1951 నుండి 2011 వరకు ఎక్కడా దిగకుండా పైకి పోతుంది. పెరుగుదల శాతాలను గీస్తే గీత 1991 వరకు ఎక్కి, తరువాత నిటారుగా దిగుతుంది. రెండు చిత్రాలూ నిజమే. "ఎంతమందికి ఆహారం, నీరు కావాలి?" అనే ప్రశ్నకు మొదటిది జవాబు. "జనాభా పెరుగుదల మందగించినదా?" అనే ప్రశ్నకు రెండవది జవాబు. ఒకదానిని మాత్రమే చూపితే చదువరికి సగం విషయమే తెలుస్తుంది.

ఉదాహరణ 2: తెగిన అక్షం

కృష్ణా జిల్లా జనాభా 2001లో 41,87,841, 2011లో 45,17,398. పెరుగుదల 7.87 శాతం. ఈ రెండు సంఖ్యలను కమ్మీలుగా గీస్తూ నిలువు అక్షాన్ని 40 లక్షల వద్ద మొదలుపెడితే, మొదటి కమ్మీ ఎత్తు 1.88 లక్షలకు, రెండవది 5.17 లక్షలకు సమానమవుతాయి. అప్పుడు రెండవ కమ్మీ మొదటిదానికి 2.75 రెట్లు కనిపిస్తుంది. సంఖ్యలు ఒక్కటీ మారలేదు, కాని ఎనిమిది శాతం కూడా లేని పెరుగుదల దాదాపు మూడింతలుగా తోస్తుంది. పత్రికలలో, ప్రకటనలలో తరచుగా కనిపించే దోషం ఇదే.

ఉదాహరణ 3: అక్షరాస్యతలో వ్యత్యాసం

ఉమ్మడి రాష్ట్రంలో పురుషుల అక్షరాస్యత 1991లో 55.13, 2001లో 70.32, 2011లో 74.88 శాతం. స్త్రీల అక్షరాస్యత అవే సంవత్సరాలలో 32.72, 50.43, 59.15 శాతం. మొత్తం అక్షరాస్యతను మాత్రమే ఒకే గీతగా గీస్తే (44.09, 60.47, 67.02) అభివృద్ధి కనిపిస్తుంది గాని వ్యత్యాసం కనిపించదు. స్త్రీ, పురుషులకు రెండు గీతలు గీస్తే వాటి మధ్య ఎడం 22.41 నుండి 19.89కి, తరువాత 15.73కి తగ్గినట్లు స్పష్టమవుతుంది. 2011 నాటి స్త్రీల అక్షరాస్యత, అంతకు ఇరవై ఏళ్ళ క్రితపు పురుషుల స్థాయికి నాలుగు శాతమే పైన ఉన్నదన్న సంగతి కూడా ఈ చిత్రంలోనే బయటపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1991 నుండి ఏడేళ్ళు, అంతకు పైబడిన వారిని లెక్కలోకి తీసుకొని అక్షరాస్యతను గణిస్తున్నారు. అంతకు ముందు దశాబ్దాల లెక్కలలో వయఃపరిమితి వేరు. కనుక పాత విలువలను సరిచేయకుండా అదే గీతలో కలుపరాదు.

ఉదాహరణ 4: కీసర వద్ద మునేరు

కీసర గ్రామం కంచికచర్ల మండలంలో, విజయవాడ - హైదరాబాదు జాతీయ రహదారిపైన, మునేటి ఒడ్డున ఉన్నది. మునేరు పూర్వపు వరంగల్ జిల్లాలో పుట్టి, ఖమ్మం మీదుగా ప్రవహించి, కీసర దాటిన తరువాత కృష్ణా నదిలో కలుస్తుంది. కీసర వద్ద కేంద్ర జల సంఘం వారి నీటిమట్టపు పరిశీలన కేంద్రం ఉన్నది. పులిచింతల జలాశయానికి దిగువన, ప్రకాశం బ్యారేజికి ఎగువన ఈ సంగమం ఉండటం వలన, మునేటి వరద పులిచింతలలో ఆగే అవకాశం లేదు. నేరుగా బ్యారేజికి చేరుతుంది. కనుక కీసర లెక్కలు విజయవాడకు ముందస్తు సమాచారం వంటివి.

ఇటువంటి దత్తాంశానికి వాడే చిత్రాన్ని జలప్రవాహ రేఖ అనవచ్చు. అడ్డు అక్షంపై గంటలు, నిలువు అక్షంపై మీటర్లలో నీటిమట్టం గాని, క్యూసెక్కులలో ప్రవాహం గాని ఉంటాయి. ఎగువ ప్రాంతపు వర్షపాతాన్ని అదే చిత్రం పైఅంచు నుండి క్రిందికి వ్రేలాడే కమ్మీలుగా గీయడం ఒక పద్ధతి. దీని వలన వాన కురిసిన సమయానికీ, నదిలో నీరు గరిష్ఠ స్థాయికి చేరిన సమయానికీ మధ్య ఎన్ని గంటల వ్యవధి ఉన్నదో తెలుస్తుంది. ఒడ్డున ఉన్న గ్రామాలకు దొరికే సమయం ఆ వ్యవధే. రోజుకు ఒక్క కొలత చొప్పున గీస్తే, రాత్రికి రాత్రి వచ్చి పోయిన వరద శిఖరం చిత్రంలో కనిపించకపోవచ్చు. కనుక కొలతల మధ్య కాలాన్ని వరద వేగాన్ని బట్టి నిర్ణయించాలి.

చిత్రంలో హెచ్చరిక స్థాయిలను అడ్డగీతలుగా చూపాలి. ప్రకాశం బ్యారేజి వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరు 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. 11.43 అనే సంఖ్య విడిగా సామాన్యునికి ఏమీ చెప్పదు. రెండవ హెచ్చరిక గీతకు రెండింతల ఎత్తులో ఉన్న బిందువుగా చూసినప్పుడు దాని తీవ్రత అర్థమవుతుంది.

అయితే చిత్రం దేనిని చూపడం లేదో కూడా గమనించాలి. ఆ రోజులలో విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచినది ప్రధానంగా బుడమేరు నీరు. బ్యారేజి గ్రాఫు ఎంత చక్కగా గీసినా అందులో బుడమేరు కనిపించదు. 2023 జూలైలో మునేటి వరద నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి వచ్చి రాకపోకలు నిలిచిపోయినప్పుడు కూడా చూడవలసినది కృష్ణా గ్రాఫును కాదు, మునేటి గ్రాఫును. ఎక్కడ కొలిచిన లెక్క అన్నది ప్రతి చిత్రం శీర్షికలోనూ ఉండవలెనని చెప్పడానికి ఇదే కారణం.

ఉదాహరణ 5: అంగన్‌వాడీ ఎదుగుదల పటం

గ్రామాలలో అత్యధికులు చూసే గ్రాఫు బహుశా అంగన్‌వాడీ కేంద్రాలలోని పిల్లల ఎదుగుదల పటమే. ఈ కేంద్రాలు నడిచే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975లో ప్రారంభమయింది. పటంలో వయస్సు అడ్డంగా, బరువు నిలువుగా ఉంటాయి. ఆకుపచ్చ పట్టీ సాధారణ బరువును, పసుపుపచ్చ పట్టీ తక్కువ బరువును, నారింజ రంగు పట్టీ అతి తక్కువ బరువును సూచిస్తాయి. బాలురకు, బాలికలకు వేర్వేరు పటాలు ఉంటాయి. ఒక నెల బిందువు ఏ పట్టీలో ఉన్నదనే దానితో పాటు గీత ఎటు పోతున్నదనేది ముఖ్యం. ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నా గీత అడ్డంగా సాగితే బిడ్డ ఎదగడం లేదని అర్థం. ఎక్కువ చదువు లేని తల్లికి కూడా ఈ సంగతి చూపించి చెప్పగలగడం ఈ పటం రూపకల్పనలోని గొప్పదనం.

రూపకల్పన నియమాలు

1. శీర్షికలో ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే మూడూ ఉండాలి.
2. ప్రతి అక్షానికీ పేరు, ప్రమాణం వ్రాయాలి. లక్షలా, కోట్లా, శాతమా అన్నది స్పష్టం కావాలి.
3. కాలవ్యవధులు సమానంగా లేనప్పుడు అడ్డు అక్షంపై ఎడం కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. 1991, 2001, 2011, 2014 లను సమాన దూరాలలో పెట్టరాదు.
4. విషయాన్ని తెలుపని నీడలు, నేపథ్యపు బొమ్మలు, దట్టమైన గళ్ళు తొలగించాలి. ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ సూత్రాన్ని విస్తారంగా చర్చించాడు.
5. త్రిమితీయ కమ్మీలు, వృత్తాలు వాడరాదు. ముందువైపు ఉన్న భాగం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.
6. రంగులు తక్కువగా వాడాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు పురుషులలో తక్కువేమీ కాదు. నలుపు-తెలుపు నకలు తీసినా అర్థమయ్యేటట్లు గీతల రకాన్ని కూడా మార్చాలి.
7. వీలైనచోట సూచికను విడిగా పెట్టక, గీత పక్కనే దాని పేరు వ్రాయాలి.
8. రెండు నిలువు అక్షాలు గల గ్రాఫులను సాధ్యమైనంతవరకు మానాలి. స్కేళ్ళను ఇష్టానుసారం మార్చి ఏ రెండు గీతలనైనా కలిసి నడుస్తున్నట్లు చూపవచ్చు.
9. దత్తాంశం ఎక్కడిదో చిత్రం క్రింద తెలపాలి.

సరిహద్దుల మార్పు

ఆంధ్ర ప్రాంతపు దత్తాంశాలను గీసేవారికి ఎదురయ్యే ప్రత్యేక సమస్య ఇది. కృష్ణా జిల్లా నుండి 1904లో గుంటూరు జిల్లా, 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాయి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. 2022 ఏప్రిల్ 4న నందిగామ, జగ్గయ్యపేట, కీసర ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఈ విషయం గమనించకుండా "కృష్ణా జిల్లా" పేరుతో ఉన్న విలువలన్నింటినీ ఒకే గీతగా కలిపితే, విభజన జరిగినచోట జనాభా, పంట విస్తీర్ణం హఠాత్తుగా పడిపోయినట్లు కనిపిస్తుంది. మండలాల వారీ లెక్కలను కూడి ఒకే సరిహద్దుకు తేవడం సరైన మార్గం. అది వీలుకానప్పుడు గీతను అక్కడ తెంచి, కారణం వ్రాయాలి.

తెలుగులో గ్రాఫులు

తెలుగు పేర్లు పొడవైనవి. నిలువు కమ్మీల క్రింద "జగ్గయ్యపేట", "కంచికచర్ల", "పెనుగంచిప్రోలు" వంటి పేర్లు ఇరుకుగా ఉండి, ఏటవాలుగా వ్రాయవలసి వస్తుంది. అడ్డకమ్మీలను వాడితే పేర్లన్నీ ఎడమవైపు మామూలుగా చదవవచ్చు. ఒత్తులు, గుణింతాల కోసం పంక్తుల మధ్య ఎక్కువ ఖాళీ వదలాలి, లేనియెడల క్రింది గీత ఒత్తును కోసివేస్తుంది. కంప్యూటరు స్ప్రెడ్‌షీట్లు సాధారణంగా మిలియన్లలో చూపే సంఖ్యలను లక్షలు, కోట్లలోకి మార్చాలి. తెలుగు పాఠకునికి 4.5 మిలియన్లకంటే 45 లక్షలు త్వరగా అర్థమవుతుంది.

సరిచూసుకొనే పద్ధతి

గీసిన చిత్రాన్ని ఆ విషయం తెలియని ఒకరికి చూపి, దాని నుండి ఏమి గ్రహించారో అడగడం ఉత్తమమైన పరీక్ష. వారు చెప్పినది దత్తాంశంలో ఉన్న విషయమే అయితే చిత్రం సఫలమైనట్లే. ఇతరులు గీసిన చిత్రాన్ని చదివేటప్పుడు మొదట అక్షాలను, తరువాత ప్రమాణాలను, కాలాన్ని, స్థలాన్ని చూసి, ఆ పిదపనే గీతను చూడడం అలవాటు చేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* సాంఖ్యక శాస్త్రం
* సి.ఆర్.రావు
* ప్రశాంత చంద్ర మహలనోబిస్
* మునేరు
* కీసర (కంచికచర్ల మండలం)
* ప్రకాశం బ్యారేజి